రెండంగుళాల వదులు

ఉలవపాడులో, హైవే కిందికి దిగే మలుపులో
మామిడి మండీకీ మందుల షాపుకీ మధ్య
నా మిషను.
మార్చి నెలంతా స్కూలు ఫంక్షన్ గుడ్డలే.

నిన్న సాయంత్రం భార్గవమ్మ వచ్చింది,
ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో ఫోన్ని పట్టుకుని.
"అచ్చం ఇట్టానే కావాల మస్తాన్‌బీ" అని
అద్దం మీద రెండు వేళ్ళు విడదీసి
బొమ్మను పెద్దది చేసి చూపించింది.
బొమ్మలో మనిషికి పాతికేళ్ళుంటాయి.
కూతురికి ఎనిమిది, అదీ వచ్చే శ్రావణానికి.

టేపు తీశాను.
నలభై ఏళ్ళుగా పిలకాయల్ని కొలస్తన్నా.
ఒకళ్ళు కితకితలని మెలికలు తిరుగుతారు,
ఒకళ్ళు టేపు కొస నోట్లో పెట్టుకుంటారు,
పెంచలయ్య మనవరాలైతే కొలత పట్టేలోపల
నా సుద్దముక్క తీసుకుని వీధిలోకి పరిగెత్తింది.
ఈ పిల్ల నిటారుగా నిలబడి
ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంది.
ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.
"ఊపిరి వదలమ్మా, బెలూనువా నువ్వు?" అన్నా.
వదల్లేదు.
"ఎంతొచ్చింది అవ్వా? ఎక్కువొచ్చిందా?"

ఏం చెప్పను.
ఎక్కువ అనే మాటకి భయపడే వయసా అది,
పుల్లైసు ఎరుపు
మూతి చుట్టూ ఇంకా ఆరనే లేదు.

భార్గవమ్మను ఒక మాటందామని నోరు తెరిచి మూశాను.
చెడ్డది కాదు. తెల్లారకముందే రొయ్యల షెడ్డుకు పోతుంది,
మంచుగడ్డల్లో నాని వేళ్ళు మొద్దుబారి వస్తుంది.
పిల్ల వీధిన పడకుండా ఫోనిచ్చి పోతుంది,
అదే దానికి ఆయా, అదే టీచరు.
ఆ టీచరు చెప్పే పాఠమేందో
షెడ్డులో ఉన్నోళ్ళకి ఎట్టా తెలుస్తుంది?
స్టేజీ కింద ఈలలేస్తే కూతురికి పేరొచ్చిందనుకుంటుంది.
పోయినేడు నేను కుట్టిన గుడ్డలకే ఆ ఈలలు.
జతకి నాలుగొందల యాభై. తీసుకున్నా.

ఇంకో సంగతి. కుట్టు అర్థం కాక
అట్టాంటి బొమ్మ కోసం నా ఫోనులో ఒక్కసారి వెతికా.
అంతే. అప్పట్నించి
చీర అంచులు చూద్దామని తెరిచినా
అరవయ్యేళ్ళదాన్ని నేనే చూపు తిప్పుకునేవి
తోసుకుని వస్తాయి.
దానికి కొలత పట్టడం రాదు.
ఎదురుగా ఉండేది అవ్వో మనవరాలో చూడదు,
ఆగిన వేలిని చూస్తుంది.

పిల్ల వెళ్ళాక మా మనవడు ఖాదర్‌వలి, ఆరో తరగతి,
గడప మీద కూర్చుని అన్నాడు:
"దానికి ఆరేలే జేజీ, పదికి."
లెక్కల్లోనా రా అన్నా.
నవ్వాడు.
వాడి మొహం మీద అట్టాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు,
ఎవరిదో పెద్ద చొక్కా తొడుక్కున్నట్టుంది.
చెయ్యి లేచింది. కొట్టలేదు.
పక్కన కూకోబెట్టి గుండీలు కుట్టించా
రాత్రి తొమ్మిదయ్యేదాకా,
ఒక్కో గుండీకీ ఒక్కో మాట.
ఎన్ని మాటలు లోపలికి దిగినాయో
సూదికే తెలియాల.

పక్క మండీలో శీనయ్య ఒక్కోసారి కాయ కోసి చూపిస్తాడు.
పైన పసుపు నిగనిగ, లోపల టెంక
గోటితో గిల్లితే దిగిపోయేంత లేత.
"పొట్లాలు పెట్టారు, రంగొచ్చేసింది" అంటాడు
ఎవరో పరాయోళ్ళు పెట్టినట్టు.

వాడు నిద్రపోయాక గుడ్డ కత్తిరించాను.
బొమ్మలో లేని చేతులు పెట్టా.
బొమ్మలో లేని జేబులు రెండు పెట్టా,
చింతపిక్కలో గోలీలో వేసుకుంటుందని.
నడుము కాడ రెండంగుళాలు లోపలికి మడిచి
వదులు కుట్టు వేశా,
పెరిగినప్పుడు విప్పుకోవడానికి.
మా అమ్మ అట్టనే వదిలేది.

రేపు భార్గవమ్మ ఫోను పక్కన పెట్టి పోల్చి చూస్తుంది.
"ఇదేంది, అట్టా లేదే" అంటుంది.
డబ్బులు కొయ్యొచ్చు. ఇంకో మిషను కాడికి పోవచ్చు,
హైవే దాటితే మూడున్నాయి.
పిల్ల మాత్రం జేబులో చెయ్యి పెడుతుందేమో
చూడాల.